కూతలు వినిపిస్తాయి, పిట్టలు కనిపించవు!

ప్రశ్న: పక్షులను చూద్దామని పోయినేడాది వర్షారణ్యంలో మూడు రోజులు, సముద్ర తీరంలో రెండు రోజులు తిరిగాను. అడవిలో పొద్దస్తమానం నడిచినా కూతలే తప్ప పిట్ట కనబడలేదు. తీరంలోనేమో ఎక్కడో దూరాన బురదలో చుక్కల్లా ఏవో కదిలాయి, అంతే. మళ్లీ వెళ్తున్నాను. ఖరీదైన బైనాక్యులర్స్ కొనమంటారా?

జవాబు: వద్దండీ. మీరు అడవిలో నడవడం ఎక్కువైంది, తీరానికి వెళ్లిన టైం తప్పింది. వర్షారణ్యంలో చెట్ల పైకొమ్మలు 30, 40 మీటర్ల ఎత్తున ఉంటాయి, చాలా పిట్టలు అక్కడే బతికేస్తాయి, కింద మనకు మిగిలేది చీకటి, మెడనొప్పి. పైగా రకరకాల చిన్న పిట్టలన్నీ ఒకే గుంపుగా మేస్తూ తిరుగుతాయి కాబట్టి, ఆ గుంపు లేనిచోట గంటసేపైనా ఆకు కదలదు, వచ్చిందా, దేన్ని చూడాలో తెలియక టెన్షన్! అందుకే తెల్లవారేసరికి ఒకచోట కదలకుండా నిలబడండి. పండ్లతో ఉన్న మర్రి జాతి చెట్టు కనిపిస్తే ఇక అక్కడినుంచి కదలొద్దు, పండ్లు తినే పెద్ద ముక్కు పక్షులు, ఆసియా అడవుల్లో అయితే హార్న్‌బిల్స్, అమెరికా వైపైతే టూకాన్లు, వాటంతటవే వస్తాయి. బైనాక్యులర్స్ 8×42 రకం (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. ఏసీ గదిలోంచి నేరుగా అడవిలోకి తెస్తే అద్దాలు మసకబారతాయి, కాస్త ముందే బయట పెట్టండి.

తీరంలో చూసుకోవాల్సింది ఆటుపోట్లు. మీరు వెళ్లింది ఆటు వేళ అయ్యుంటుంది, అప్పుడు పిట్టలు నీళ్ల వెంటే దూరంగా పోతాయి. నిండు పోటుకి రెండు గంటల ముందే వెళ్లి, ఎండ వీపు మీద పడేలా కూర్చోండి, నీరు పెరిగేకొద్దీ బురద మేర తగ్గి అవే మీ వైపు జరుగుతాయి. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి టైం నమ్ముకోకండి. గుడ్లు పెట్టే కాలం కాని రోజుల్లో బురద పిట్టలు చాలావరకు బూడిద, గోధుమ రంగుల్లోనే ఉంటాయి గనక రంగు వదిలేసి ముక్కూ నడకా చూడండి: ప్లోవర్ నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగుతుంది, కర్లూ వంకర ముక్కుని బురదలోకి లోతుగా దింపుతుంది, శాండర్లింగ్ అలతో పాటే ముందుకీ వెనక్కీ ఉరుకుతుంది.

ఫొటో కోసం మాత్రం వాటిని లేపకండి. 2022లో బార్ టెయిల్డ్ గాడ్విట్ అనే బురద పిట్ట ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో ఎగిరింది, అలాంటి ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకునేది ఆ బురదలోనే.

డబ్బు పెట్టాలనే ఉంటే తీరంలో వాడుకోవడానికి ఒక స్పాటింగ్ స్కోప్ (దూరాన ఉన్నవాటిని చూసే చిన్న టెలిస్కోప్) అద్దెకు తీసుకోండి, ట్రైపాడ్‌తో సహా.