‘వాళ్ల ఇళ్లల్లో అంతే’ అనేస్తే ఎలా?

ప్రశ్న: అంతర్వేది దగ్గర ఊళ్లో టీచర్‌ని. చేపల వేటకెళ్లే కుటుంబం పిల్లాడి జబ్బ మీద వేళ్ల అచ్చులు కనిపించాయి. తోటి టీచర్లకు చెబితే ‘వాళ్ల ఇళ్లల్లో అంతే లెండి’ అన్నారు. ఊరుకోవాలా?

జవాబు: ఊరుకోవద్దమ్మా! అవే అచ్చులు ఊరి పెద్దరైతు మనవడి ఒంటి మీద ఉంటే వాళ్లు ఏమనేవారో ఒక్కసారి అడగండి, పక్షపాతం అక్కడే బయటపడుతుంది. లండన్‌లో 2000లో, ఆఫ్రికా నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల విక్టోరియా క్లింబీ ఇంట్లోవాళ్ల హింసకు చనిపోయింది. ఆ పిల్ల పెద్దల ముందు బిగుసుకుని నిలబడితే, అది భయమని గుర్తించకుండా, వాళ్ల సంస్కృతిలో పెద్దలకిచ్చే గౌరవమేమో అనుకున్నారు అధికారులు.

దీనికి రెండో వైపూ ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, చేతిలో డబ్బుండదు, అప్పుడు పిల్లాడు చిరిగిన చొక్కాతో తిరిగితే తల్లిదండ్రులకు పట్టదని రాసేయడం అన్యాయం. అలాగే చామనఛాయ పసిపిల్లల నడుం మీద పుట్టుకతో వచ్చే నీలి మచ్చల్ని దెబ్బలనుకునే ప్రమాదమూ ఉంది. కానీ వేళ్ల అచ్చులు అలాంటివి కావు కదా.

పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ‘ఏమైంది నాన్నా?’ అని మాత్రం అడగండి, సమాధానం మీరు అందించకండి, ఎవరికీ చెప్పనని మాటా ఇవ్వకండి. వాడన్న మాటలు వాడన్నట్టే తేదీ వేసి రాసుకుని, హెడ్మాస్టరుకు చెప్పి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. లైంగిక హింస అనుమానం ఉంటే మాత్రం 2012 పోక్సో చట్టం ప్రకారం తెలియజేయడం తప్పనిసరి.