ఆఫీసు బయటి పరిచయాలతో పనేమిటి?

“ఆఫీసు పనికే సమయం చాలడం లేదు, ఈ మీటప్‌లూ వృత్తి సంఘాలూ ఓపెన్ సోర్స్ పనులూ నాకెందుకండీ?” అని విదేశానికి కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ మిత్రులు తరచుగా అడుగుతుంటారు. తొలి మూడేళ్లు నేనూ అలాగే అనుకున్నాను. ఆఫీసు, ఇల్లు, వారాంతంలో మన తెలుగువాళ్ల కలయికలు, వీటితోనే కాలం గడిచిపోయింది. మనవాళ్ల మధ్య మసలడంలో తప్పేమీ లేదు; జ్వరమొస్తే వచ్చి చూసేదీ, ఇల్లు మారితే సామాను మోసేదీ వాళ్లే. అయితే వృత్తి విషయానికి వస్తే, రోజూ మన పక్కన కూర్చునేవారికి తెలిసిన కబుర్లు చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి. మా విభాగంలో ఉద్యోగాల కోత పడిన రోజున సాయం అడుగుదామని ఫోను తీస్తే, నాకు నంబర్లు తెలిసినవారిలో సగం మంది నాలాగే ఉద్యోగం పోయి కూర్చున్నారు.

సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతినే అంకెలలో చూపింది. పరిచయస్తుల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవారిని ఆయన ప్రశ్నించగా, ఆ కబురు అందించిన మనిషిని తరచుగా కలుస్తుండేవాళ్లమని చెప్పినవారు 16.7 శాతమే, అప్పుడప్పుడు మాత్రమే కలిసేవాళ్లమన్నవారు 55.6 శాతం, ఎప్పుడో గాని కలవమన్నవారు 27.8 శాతం. ఆయన అడిగినది కొద్దిమందినే, ఆ కాలమూ వేరు. అయినా నా అనుభవం దానికి భిన్నంగా లేదు.

మొదటి మీటప్‌లో చివరి వరుసలో కూర్చుని, ప్రసంగం ముగియగానే లేచి వచ్చేశాను. రెండోసారీ అంతే. మూడోసారి వక్త ల్యాప్‌టాప్‌కు ప్రొజెక్టర్ కేబుల్ సరిపోకపోతే నా సంచిలోని అడాప్టర్ తీసి ఇచ్చాను. నిర్వాహకురాలు దగ్గరకు వచ్చి, వచ్చే నెల అరగంట ముందుగా రాగలరా, తెరా మైకూ చూసుకోవడానికి ఒక మనిషి కావాలి అన్నారు. అక్కడితో నా బెరుకు తీరింది. ముక్కూమొహం తెలియనివారితో మాట కలపడం చేతకాని నాబోటివారికి చేతిలో ఏదో ఒక పని ఉండటమే మేలు; తలుపు దగ్గర పేర్లు రాసుకునేవాడిని అందరూ వాళ్లంతట వాళ్లే పలకరిస్తారు. విజిటింగ్ కార్డులు పంచుతూ తిరిగినవారి పేరు ఒక్కటీ ఇప్పుడు నాకు గుర్తు లేదు. కుర్చీలు సర్దడానికి నాతోపాటు ఆగినవారిలో ఇద్దరు మాత్రం, కొన్నేళ్ల తరువాత నాకు మరోసారి ఉద్యోగం పోయినప్పుడు, నేను అడగకముందే తమ కంపెనీలలోని ఖాళీల గురించి ఫోను చేశారు. ఉద్యోగం పోయాక వీసా మీద ఉన్నవారికి మిగిలే గడువు తక్కువ. అప్పుడు పరిచయాలు మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా చూసి మార్పులు సూచించేలా కోడ్‌ను బయట పెట్టే పద్ధతి, అనగానే పెద్ద పెద్ద కోడ్ రాయాలేమోనని చాలామంది జంకుతారు. నా తొలి మార్పు రెండే లైన్లు: ఇన్‌స్టలేషన్ సూచనలలో తప్పుగా పడిన ఒక కమాండును సరిచేశాను. దానికే రివ్యూ చేసినాయన రెండుసార్లు తిప్పి పంపారు. పాత వెర్షన్‌లోనూ నడుస్తుందో లేదో చూడమని ఒకసారి, ఏం మార్చారో రాశారు గాని ఎందుకు మార్చారో రాయలేదని మరోసారి. అప్పట్లో నొచ్చుకున్నాను గాని, ఆ “ఎందుకు” రాసే అలవాటు నాకు అక్కడే పట్టుబడింది. కంపెనీ కోసం రాసిన కోడ్‌ను బయట ఎవరికీ చూపలేము. ఆ రెండు లైన్లనూ, వాటి మీద జరిగిన చర్చనూ మాత్రం తరువాతి ఇంటర్వ్యూలో తెరిచి చూపించాను.

ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ 1986లో మొదలైంది. దానికి సభ్యత్వమంటూ లేదు. పాల్గొనేవారు కంపెనీ ప్రతినిధులుగా కాక వ్యక్తులుగానే మాట్లాడతారు. అది పుట్టకముందే, 1969 ఏప్రిల్‌లో మొట్టమొదటి ఆర్‌ఎఫ్‌సీ (నేటికీ ఇంటర్నెట్ ప్రమాణాలు వెలువడే పత్రాల వరుసలో తొలి పత్రం) రాసిన స్టీవ్ క్రాకర్ అప్పటికింకా విద్యార్థే. కొత్తవాడినని వెనుకాడేవారికి నేను ఈ మాట చెబుతుంటాను.

ఏసీఎం (కంప్యూటింగ్), ఐఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్) వంటి వృత్తి సంఘాలకు రుసుము కట్టి రెజ్యూమెలో పేరు చేర్చుకున్నంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. స్థానిక శాఖ సమావేశాలకు వెళ్లి ఏదో ఒక బాధ్యత తీసుకోగలిగితేనే ఆ డబ్బుకు ఫలితం దక్కుతుంది.

మొదలుపెట్టే ముందు ఉద్యోగ ఒప్పందాన్ని ఒకసారి నిదానంగా చదవండి. సొంత సమయంలో రాసిన కోడ్ కూడా కంపెనీదేనని చెప్పే షరతులు కొన్ని ఒప్పందాలలో ఉంటాయి. అలాగే ప్రసంగానికి పారితోషికం ఇస్తామంటే, మీ వీసా అందుకు ఒప్పుకుంటుందో లేదో తెలుసుకోకుండా పుచ్చుకోకండి. ఇలాంటి బయటి పనులకు అనుమతి కోరుతూ నేను మేనేజరుకు ఈమెయిలు రాస్తే, లీగల్ విభాగం నుంచి అనుమతి రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ ఈమెయిలు ప్రతి ఇప్పటికీ నా దగ్గర ఉంది.