ఈమధ్య వచ్చిన ఇండీ (పెద్ద మ్యూజిక్ కంపెనీల అండ లేకుండా స్వతంత్రంగా చేసే) ఆల్బమ్స్‌లో ఒక్కటే వినాలంటే ఏది వినాలి?

సిండీ లీ చేసిన 'డైమండ్ జూబిలీ'. 2024 మార్చిలో వచ్చింది. ఇంకో ఆలోచన లేకుండా దీన్నే చెబుతాను.

సిండీ లీ అనేది పాట్రిక్ ఫ్లెగెల్ వేదిక మీద తీసుకునే రూపం. కెనడాలో కాల్గరీకి చెందిన 'విమెన్' బ్యాండ్‌లో పాడుతూ గిటార్ వాయించింది కూడా ఫ్లెగెలే.

ఈ ఆల్బమ్‌లో 32 పాటలు, నిడివి దాదాపు రెండు గంటలు. విడుదలైనప్పుడు స్పాటిఫైలో లేదు. అప్పట్లో యూట్యూబ్‌లో ఒకే పొడవాటి వీడియోగా వినాల్సి వచ్చేది, లేదంటే పాతకాలపు తీరులో ఉన్న ఓ వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవాల్సి వచ్చేది. అంతే! అయినా ఆ ఏడాది ఎందరో విమర్శకుల జాబితాల్లో పై వరసలో నిలిచింది. పాటల్లో సత్తా ఉంది కాబట్టే అంతదూరం వెళ్లిందని నా గట్టి నమ్మకం.

1960ల నాటి అమెరికన్ గర్ల్ గ్రూపుల (అమ్మాయిలే కలిసి పాడే బృందాల) బాణీలు గుర్తొస్తాయి. రికార్డింగ్ కావాలనే మసకగా ఉంటుంది, పక్కింటి రేడియోలోంచి వస్తున్నట్టు. ఆ మసకలోంచి ఒక్కసారిగా గిటార్ దూసుకొస్తుంది చూడండి, ఒళ్లు పులకరిస్తుంది. గొంతులో దిగులుంటుంది, ట్యూన్ మాత్రం నోట్లో ఆడుతూనే ఉంటుంది.

రెండు గంటలని టెన్షన్ పడొద్దు, సగం సగం చేసి వినండి. పాటలు మాత్రం దాటేయకండి, వరుసలోనే అందముంది.

ఇది నచ్చితే తర్వాత బిగ్ థీఫ్ బ్యాండ్ 2022లో తెచ్చిన 20 పాటల డబుల్ ఆల్బమ్ వినండి. అమెరికాలో నాలుగు వేర్వేరు చోట్ల రికార్డు చేశారు.