ఐరన్ మాత్రలు గూట్లోనే ఎందుకుంటున్నాయి?

ప్రశ్న: మాది అనంతపురం. బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం. పబ్లిక్ హెల్త్ పరిశోధనలో జనంతో మాట్లాడి సమాచారం సేకరించే పని చేయాలని ఉంది. లెక్కలంటే టెన్షన్. ఈ పని ఎలా నేర్చుకోవాలి?

జవాబు: లెక్కలు తప్పించుకోవడానికైతే ఈ దారి పట్టకండమ్మా. ప్రజారోగ్యంలో పీజీ కోర్సయిన ఎంపీహెచ్‌లో బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు), ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తాయో చూసే శాస్త్రం) అందరూ చదవాల్సిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఊళ్లో ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) ఇచ్చిన ఐరన్ మాత్రలు గూట్లోనే ఎందుకు ఉండిపోతున్నాయో ఆ అంకె చెప్పదు. అది ఇంటికెళ్లి, కూర్చుని వినాల్సిందే.

పనంతా అడగడంలోనే ఉంది. "మాత్రలు ఎందుకు మింగలేదక్కా?" అంటే తప్పు పట్టినట్టుంటుంది. "మింగుతానే ఉండా" అనేస్తారు. "మాత్రలు ఇచ్చినప్పటి నుంచి ఏం జరిగిందో చెప్పక్కా" అనండి. వికారం, నల్లటి విరేచనం, బిడ్డ మరీ పెద్దదైతే కాన్పు కష్టమని అత్తగారి భయం, ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఆమె ఆగితే మీరూ ఆగండి, గబుక్కున ఇంకో ప్రశ్న వేయకండి. నర్సింగ్ చదివినవాళ్లకు ఇక్కడే కష్టం. ఆమె ఏదైనా పొరపాటుగా చెప్పగానే సరిదిద్దకుండా నోరు ఊరుకోదు. సరిదిద్దారా, ఇక మీకు నచ్చే జవాబులే వస్తాయి. సలహా ఇంటర్వ్యూ అయ్యాక ఇవ్వండి. ఇవ్వకుండా మాత్రం రావద్దు.

మన పల్లెల్లో కాగితాలు పట్టుకుని ఎవరొచ్చినా పింఛనుకో రేషన్ కార్డుకో అనుకుంటారు. వాటితో మీకు సంబంధం లేదని, ఇష్టం లేకపోతే మాట్లాడనక్కర్లేదని, మధ్యలో ఆపేయొచ్చని ముందే చెప్పాలి. రికార్డు చేయడానికి విడిగా అడగాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు చదవండి. అసలు పరిశోధన మొదలుపెట్టాలంటే పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. మీ వార్డులో రోగుల మీద మాత్రం సాధన చేయవద్దు.

గంట రికార్డింగును విని రాయడానికి మొదట్లో రోజంతా పడుతుంది. విసుగొచ్చినా మీరే రాయండి. ఆమె "కడుపులో తిప్పుతాంది" అంటే అలాగే రాయండి, "వికారంగా ఉంది" అని మార్చకండి. సీమ మాట మీకు పుట్టుకతో వచ్చింది. బయటి నుంచి వచ్చే పరిశోధకులకు అది అంత సులువుగా అందదు. అయితే తెలిసిన ఊరే కదా అని అడగకుండా వదిలేసే ప్రమాదం కూడా మీకే ఎక్కువ.

డిగ్రీ అయ్యాక ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్, రీసెర్చ్ అసిస్టెంట్ ఉద్యోగాలుంటాయి. చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే, ఇంట్లో ఈ సంగతి దాచకండి. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (ఐఐపీహెచ్) ఎంపీహెచ్ కోర్సు నడుపుతున్నాయి. అర్హతలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఈ సెలవుల్లో మీ పిన్నినో మేనత్తనో అడిగి, ఆమె కాన్పుల రోజుల గురించి అరగంట మాట్లాడించి రికార్డు చేయండి. తర్వాత గడియారం ముందు పెట్టుకుని వినండి. మీ గొంతు ఐదు నిమిషాలు దాటిందంటే, ఇంకొకరితో మళ్లీ చేయండి.