ఫార్మాట్ కొట్టే ముందు డిస్కును అడుగు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

పాత డిస్కు లినక్స్‌లో మౌంట్ కావడం (వాడకానికి తెరుచుకోవడం) లేదనీ, ఎఫ్‌డిస్క్ చూస్తే "హెచ్‌పీఎఫ్‌ఎస్/ఎన్‌టీఎఫ్‌ఎస్/ఎక్స్‌ఫ్యాట్" అని మూడు ఫైల్ సిస్టంల (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతుల) పేర్లు చెబుతోందనీ రాశావు. ఎఫ్‌డిస్క్ చదివేది పార్టిషన్ టేబుల్ (డిస్కు భాగాల పట్టిక)లోని కోడును మాత్రమే. ఎంబీఆర్ అనే పాత రకం టేబుల్‌లో 07 ఆ మూడింటికీ ఉమ్మడి కోడు. 83 అని ఉన్నా అంతే, అది ఈఎక్స్‌టీ4 కావచ్చు, ఎక్స్‌ఎఫ్‌ఎస్ కావచ్చు, రెండూ లినక్స్ ఫైల్ సిస్టంలే. లోపల నిజంగా ఏముందో తేలేదాకా ఫార్మాట్ జోలికి వెళ్లకు.

లోపలికి తొంగిచూసేది బీఎల్‌కేఐడీ అనే కమాండ్. యుటిల్‌-లినక్స్ ప్యాకేజీలోనిది కాబట్టి నీ మెషీన్‌లో ఉండే ఉంటుంది. ముందు "ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్" కొట్టి, -ఎఫ్ లేకుండా మరోసారి కొట్టి సైజు కూడా సరిచూసి డిస్కు పేరు ఖాయం చేసుకో. యూఎస్‌బీ తీసి మళ్లీ పెడితే ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ అయిపోవచ్చు. తర్వాత:

సుడో బీఎల్‌కేఐడీ -పీ /డెవ్/ఎస్‌డీబీ1

చివరి 1 వదిలేస్తే పీటీటైప్ అంటూ టేబుల్ రకం వస్తుంది, నీకు కావలసింది టైప్. సుడో (అడ్మిన్ హక్కు) లేకపోతే పాత క్యాష్‌లోని (ఇదివరకు దాచుకున్న) జవాబు రావచ్చు, నిన్న ఫార్మాట్ చేసిన దానికి మొన్నటి పేరు చూపిస్తుంది. -పీ పెడితే క్యాష్‌ను పక్కనపెట్టి డిస్కునే చదువుతుంది.

బీఎల్‌కేఐడీ వెతికేది సంతకాలను, అంటే ప్రతి ఫైల్ సిస్టం తన గుర్తుగా రాసుకునే బైట్లను. ఈఎక్స్‌టీ సూపర్‌బ్లాక్ (ఫైల్ సిస్టం వివరాలూ సంతకమూ ఉండే బ్లాకు) 1024వ బైటు దగ్గర మొదలవుతుంది, ఎక్స్‌ఎఫ్‌ఎస్ సంతకం 0 దగ్గరే ఉంటుంది, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ది 64 కేబీ దాటాక. చోట్లు వేరు కనుక కొత్త ఫార్మాట్ కింద పాతదాని సంతకం చెరగకుండా మిగిలిపోవచ్చు. రెండూ కనిపిస్తే బీఎల్‌కేఐడీ ఏదీ తేల్చదు, ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె) 8 ఇస్తుంది. అప్పుడు "సుడో వైప్‌ఎఫ్‌ఎస్ /డెవ్/ఎస్‌డీబీ1" కొట్టు, ఏ సంతకం ఏ చోట ఉందో వరసగా చూపిస్తుంది. ఉత్తగా కొడితే చూపించడమే. -ఏ చేర్చావో, అన్నీ చెరిపేస్తుంది! ఆ అక్షరం మీద వేలు పడకుండా చూసుకో.

టైప్ దగ్గర క్రిప్టో_లక్స్ అనో ఎల్‌వీఎం2_మెంబర్ అనో వస్తే అది ఫైల్ సిస్టం కాదు, దాన్ని చుట్టిన పొర: మొదటిది ఎన్‌క్రిప్షన్, రెండోది ఎల్‌వీఎం అనే డిస్కు విభజన పద్ధతి. మొదటిదానికి క్రిప్ట్‌సెటప్‌తో తాళం తీయాలి, రెండోదానికి "వీజీచేంజ్ -ఏవై" కొట్టాలి. ఏమీ చెప్పకుండా ఎగ్జిట్ కోడ్ 2 వస్తే డిస్కు ఖాళీ అనుకోకు. సూపర్‌బ్లాక్ పాడై ఉండవచ్చు. అది ఈఎక్స్‌టీ4 అని అనుమానం ఉంటే, 4 కేబీ బ్లాకులకు బ్యాకప్ సూపర్‌బ్లాక్ 32768 దగ్గర ఉంటుంది. "సుడో ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎన్ -బీ 32768 /డెవ్/ఎస్‌డీబీ1" అని అడిగి చూడు, -ఎన్ ఉంటే డిస్కు మీద ఏమీ రాయదు.

రకం తేలాక మొదటిసారి రీడ్‌-ఓన్లీగానే మౌంట్ చెయ్యి. ఈఎక్స్‌టీ4 అయితే -ఓ ఆర్‌ఓ ఒక్కటే చాలదు, జర్నల్ (పూర్తికాని మార్పుల చిట్టా) రీప్లే చేస్తూ డిస్కు మీద రాసేస్తుంది. "ఆర్‌ఓ,నోలోడ్" అని రెండూ పెట్టు. వైప్‌ఎఫ్‌ఎస్ చూపించిన వరసలు ఉన్నవి ఉన్నట్టు నాకు పంపు.

ఇట్లు,
మామయ్య