పాఠకుల ప్రశ్నలు: జావా అప్లికేషన్ నుంచి తెలుగు రశీదు ఈమెయిల్

ప్రశ్న: అయ్యా, మా ప్రాంతంలోని ఒక ఫంక్షన్ హాలు వారికి జావా ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్ బూట్‌తో బుకింగ్ వెబ్ అప్లికేషన్ తయారు చేస్తున్నాను. హాలు బుక్ చేసుకున్నవారికి పేరు, ముహూర్త సమయం, చెల్లించిన అడ్వాన్సు కనిపించే రశీదును లోగోతో సహా తెలుగులో ఈమెయిల్‌గా పంపాలి. ప్రస్తుతం హెచ్‌టీఎంఎల్ మొత్తాన్ని జావా కోడ్‌లోనే స్ట్రింగులుగా అతికిస్తున్నందువల్ల, యజమాని ఒక్క వాక్యం మార్చమన్నా అప్లికేషన్‌ను మళ్లీ బిల్డ్ చేయవలసి వస్తోంది. సైటు పేజీలు జేఎస్‌పీలో (హెచ్‌టీఎంఎల్ మధ్యలో జావా విలువలను నింపే పద్ధతి) ఉన్నాయి కనుక మెయిల్‌కు కూడా జేఎస్‌పీనే వాడవచ్చా? మెయిల్ సర్వర్ నెమ్మదించినప్పుడు బుకింగ్ పేజీ కూడా కదలకుండా ఉండిపోతోంది, దానికి ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: జేఎస్‌పీని వాడటం అసాధ్యమేమీ కాదు. బ్రౌజర్‌కు తిరిగి వెళ్లే రెస్పాన్స్‌ను ఒక రాపర్‌తో చుట్టి, జేఎస్‌పీ రాసే అక్షరాలను బ్రౌజర్‌కు పోనివ్వకుండా పట్టుకుని మెయిల్‌లో పెట్టేవారు ఉన్నారు. అయితే జేఎస్‌పీ నడవాలంటే సర్వ్‌లెట్ కంటైనర్ (జావా వెబ్ సర్వర్) ఇచ్చే రిక్వెస్ట్ (బ్రౌజర్ నుంచి వచ్చే అభ్యర్థన), రెస్పాన్స్ రెండూ ఉండాలి. మిగిలిన బాకీని గుర్తుచేస్తూ రాత్రివేళ షెడ్యూలర్ పంపే మెయిల్‌కు ఏ రిక్వెస్టూ ఉండదు. కాబట్టి టెంప్లేట్‌ను, విలువల పట్టికను ఇస్తే స్ట్రింగ్‌ను తిరిగి ఇచ్చే ఇంజిన్‌ను ఎంచుకోవడమే మేలు. పాత పాఠాలలో వెలాసిటీ అనే ఇంజిన్ కనిపిస్తుంది కానీ స్ప్రింగ్ 5 నుంచి దానికి మద్దతును తొలగించారు. ఇప్పుడు ఎంపిక ప్రధానంగా థైమ్‌లీఫ్, ఫ్రీమార్కర్‌ల మధ్యనే. నేను థైమ్‌లీఫ్ వైపు మొగ్గుతాను, ఎందుకంటే దాని టెంప్లేట్ ఫైలును అలాగే బ్రౌజర్‌లో తెరిచి, నమూనా పేరుతో, నమూనా మొత్తంతో యజమానికి చూపించవచ్చు. ఆ ఫైళ్లను జార్ (బిల్డ్ చేసిన అప్లికేషన్ ఫైలు) బయట ఒక ఫోల్డర్‌లో ఉంచి, అక్కడి నుంచి చదివేలా అమర్చుకుంటే వాక్యం మారినప్పుడల్లా బిల్డ్ చేయవలసిన అవసరం ఉండదు.

అలవాటు కొద్దీ సైటు పేజీలలో రాసినట్టే మెయిల్ టెంప్లేట్‌లో కూడా లింకును స్లాష్‌తో మొదలుపెడితే, వెబ్ కాంటెక్స్ట్ (రిక్వెస్ట్‌తో వచ్చే సైటు సమాచారం) లేనందువల్ల థైమ్‌లీఫ్ ఎక్సెప్షన్ విసురుతుంది. సైటు పూర్తి చిరునామాను కాన్ఫిగరేషన్‌లో ఉంచి, దాన్ని కూడా ఒక విలువగా టెంప్లేట్‌కు పంపండి. పేరు వంటి వినియోగదారు రాసిన వివరాలను ఎస్కేప్ చేసే (హెచ్‌టీఎంఎల్ గుర్తులను మామూలు అక్షరాలుగా మార్చే) టెక్స్ట్ యాట్రిబ్యూట్‌తోనే చూపించాలి. ఎస్కేప్ చేయని యూటెక్స్ట్‌ను వాడితే, పేరు గడిలో ఎవరైనా హెచ్‌టీఎంఎల్ రాస్తే అది మీ రశీదులో భాగమైపోతుంది.

ఇక విలువల విషయానికి వద్దాం, తెలుగు రశీదులో తప్పులు దొర్లేది ఎక్కువగా ఇక్కడే. లక్షా పాతిక వేల అడ్వాన్సును మనవాళ్లు 1,25,000 అని చదువుకుంటారు. జావా ప్రామాణిక డెసిమల్‌ఫార్మాట్‌కు ఒకే ఒక్క గ్రూపు పరిమాణం తెలుసు. మీరు ప్యాటర్న్‌లో కామాలను మన పద్ధతిలో ఎన్ని పెట్టినా అది చివరి కామా తరువాతి దూరాన్నే లెక్కలోకి తీసుకుని 125,000 అని ముద్రిస్తుంది. ఐసీయూ4జే లైబ్రరీలోని నంబర్‌ఫార్మాట్‌కు రెండో గ్రూపు పరిమాణం కూడా తెలుసు కనుక మన లొకేల్ (భాష, ప్రాంతాల అమరిక) ఇస్తే సరిగ్గా రాస్తుంది. ఈ పనిని టెంప్లేట్‌లో కాకుండా జావా వైపే ముగించి, సిద్ధమైన అక్షరాలను మాత్రమే టెంప్లేట్‌కు అందించండి.

ముహూర్తం మరింత సున్నితమైన విషయం. క్లౌడ్ సర్వర్లు సాధారణంగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయంలో నడుస్తాయి, అది మన సమయం కంటే 5 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది. శుక్రవారం తెల్లవారుజామున 4-48 గంటల ముహూర్తాన్ని ఆ సర్వర్ తన సమయంలో ముద్రిస్తే గురువారం రాత్రి 11-18 అవుతుంది. అంటే గంట మాత్రమే కాదు, తేదీ కూడా తప్పుతుంది. సూర్యోదయంతో రోజును లెక్కించే మన పద్ధతిలో శుభలేఖలు ఎలాగూ ‘గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం’ అని రాస్తాయి కనుక, ఆ రశీదు చూసినవారికి అనుమానం రాకపోవడమే అసలు ప్రమాదం. ముహూర్తం హైదరాబాద్ గడియారానికి సంబంధించిన విషయం కాబట్టి దాన్ని లోకల్‌డేట్‌టైమ్‌గానే (టైమ్ జోన్ లేని తేదీ, సమయం) భద్రపరచండి. చెల్లింపు జరిగిన క్షణాన్ని మాత్రం ఇన్‌స్టంట్‌గా (ఏ జోన్‌లోనైనా ఒకటే అయిన కాలబిందువు) దాచి, చూపించేటప్పుడు ఆసియా-కోల్‌కతా జోన్‌లోకి మార్చండి. ఉదయం ఆరుకు ముందున్న ముహూర్తాలకు ‘తెల్లవారితే’ అన్న మాటను మీ కోడే చేర్చితే పెళ్లివారికి, హాలు సిబ్బందికి మధ్య తగాదా రాదు.

మెయిల్ కూర్పుకు స్ప్రింగ్‌లోని మైమ్‌మెసేజ్‌హెల్పర్ సరిపోతుంది. దాన్ని సృష్టించేటప్పుడే మల్టీపార్ట్ (పాఠం, బొమ్మ వంటి పలు భాగాల మెయిల్) కావాలని, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పండి. జావా 18కి ముందు డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ ఆపరేటింగ్ సిస్టమ్ అమరికపై ఆధారపడేది కనుక, మీ కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన తెలుగు సబ్జెక్ట్ సర్వర్ నుంచి వెళ్లినప్పుడు ప్రశ్నార్థకాల వరుసగా మారవచ్చు. సెట్‌టెక్స్ట్‌కు సాదా పాఠాన్ని, హెచ్‌టీఎంఎల్‌ను రెండింటినీ ఇవ్వండి. లోగోను హెచ్‌టీఎంఎల్‌లోనే బేస్64 అక్షరాలుగా ఇరికిస్తే జీమెయిల్ చూపించదు. కాబట్టి దాన్ని సీఐడీతో (జతచేసిన బొమ్మకు ఇచ్చే గుర్తింపు పేరు) జతచేయండి, అయితే యాడ్‌ఇన్‌లైన్‌ను సెట్‌టెక్స్ట్ తరువాతే పిలవాలి.

రూపకల్పనలో కొత్త సీఎస్ఎస్ విద్యలను పక్కన పెట్టక తప్పదు. విండోస్‌పై అవుట్‌లుక్ 2007 నుంచి సంప్రదాయ డెస్క్‌టాప్ అవుట్‌లుక్ వర్డ్ ఇంజిన్‌తోనే మెయిల్‌ను చూపిస్తుంది కనుక టేబుళ్లు, ఇన్‌లైన్ స్టైళ్లే నమ్మదగినవి. ఫాంటును వెబ్ నుంచి తెప్పించే ప్రయత్నం మానుకుని, విండోస్‌లో ఉండే నిర్మలా యూఐ, గౌతమి పేర్లను రాసి మిగతాది చదివేవారి ఫోనుకు వదిలేయండి. లైన్ హైట్ మాత్రం 1.6కు తగ్గకుండా చూసుకోండి, లేకపోతే వత్తులు కింది పంక్తిని తాకుతాయి.

పేజీ కదలకపోవడానికి కారణం జకార్తా మెయిల్‌లో (స్ప్రింగ్ వాడే జావా మెయిల్ లైబ్రరీ) కనెక్షన్, రీడ్, రైట్ టైమౌట్‌లు మూడూ డిఫాల్ట్‌గా అనంతం కావడమే. మూడింటికీ కొన్ని సెకన్ల చొప్పున పరిమితి పెట్టండి, కానీ అంతటితో ఆగకండి. బుకింగ్ ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి నిలిచే లేదా అన్నీ రద్దయ్యే డేటాబేస్ పని) మధ్యలో మెయిల్ పంపితే, తరువాత డేటాబేస్ వెనక్కి తిప్పినా రశీదు అప్పటికే చేరిపోయి ఉంటుంది. అదే తేదీకి మరొకరు హాలు తీసుకుంటే ఇద్దరి చేతిలోనూ రశీదులు ఉంటాయి. అందువల్ల బుకింగ్ వరుసతో పాటు అదే ట్రాన్సాక్షన్‌లో ‘పంపవలసిన మెయిళ్లు’ అనే టేబుల్‌లో ఒక వరుస రాసి, నిమిషానికోసారి నడిచే వేరే పని దాన్ని తీసుకుని పంపేలా, విఫలమైతే కాసేపాగి మళ్లీ ప్రయత్నించేలా చేయండి. పంపిన తరువాత గుర్తు పెట్టేలోగా అప్లికేషన్ ఆగిపోతే అదే రశీదు రెండోసారి వెళ్లవచ్చు, కనుక రశీదుపై బుకింగ్ సంఖ్య తప్పక ఉండాలి. కమిట్ (ట్రాన్సాక్షన్ ఖరారు కావడం) తరువాత నడిచే ఈవెంట్ లిజనర్ కూడా ఒక మార్గమే కానీ, ఆ క్షణంలో అప్లికేషన్ రీస్టార్ట్ అయితే మెయిల్ జాడ లేకుండా పోతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో ‘మాకు రశీదు రాలేదు’ అని ఫోన్ చేసేవారికి జవాబు చెప్పడానికి కూడా ఆ టేబులే పనికివస్తుంది.

ప్రశ్న: మెయిల్ పంపే మెథడ్‌కు అసింక్ యానొటేషన్ (పనిని నేపథ్యంలో నడపమనే గుర్తు) పెట్టినా పేజీ ఆగుతూనే ఉంది. ఎందుకు?
— ఒక విద్యార్థిని, అమీర్‌పేట, హైదరాబాద్

జవాబు: ఆ మెథడ్‌ను అదే క్లాసులోని మరో మెథడ్ నుంచి పిలుస్తున్నారేమో చూడండి. స్ప్రింగ్ ఈ పనిని ప్రాక్సీ (పిలుపును మధ్యలో అందుకునే మధ్యవర్తి వస్తువు) ద్వారా చేస్తుంది, క్లాసు తన మెథడ్‌ను తానే పిలుచుకుంటే ప్రాక్సీ మధ్యలోకి రాదు. మెయిల్ పనిని వేరే బీన్‌కు (స్ప్రింగ్ నిర్వహించే వేరే క్లాసు వస్తువు) మార్చండి. కాన్ఫిగరేషన్ క్లాసుపై ఎనేబుల్ అసింక్ ఉందో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: మా సైటులో విచారణ ఫారం నింపినవారి చిరునామానే ‘ఫ్రమ్’గా పెట్టి, టెంప్లేట్‌తో యజమానికి మెయిల్ పంపుతున్నాను. యాహూ చిరునామా ఇచ్చినవారి మెయిళ్లు చేరడం లేదు.
— ఒక పాఠకుడు, ఎల్బీ నగర్, హైదరాబాద్

జవాబు: తమ డొమైన్ పేరుతో వచ్చి, తమ సర్వర్ల నుంచి రాని మెయిల్‌ను తిరస్కరించమని యాహూ 2014 ఏప్రిల్ నుంచి డీమార్క్ రికార్డులో (నకిలీ మెయిల్‌ను ఏం చేయాలో డొమైన్ చెప్పే ప్రకటన) ప్రకటిస్తోంది. మీ సర్వర్ యాహూ పేరుతో మాట్లాడితే అందుకునే సర్వర్ ఆ మాటను పాటిస్తుంది. ‘ఫ్రమ్’లో ఎప్పుడూ మీ డొమైన్ చిరునామానే ఉంచి, విచారించినవారి చిరునామాను ‘రిప్లై-టు’లో పెట్టండి. యజమాని జవాబు నొక్కితే అది వారికే వెళుతుంది. మీ డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ (ఏ సర్వర్లు మీ పేరుతో పంపవచ్చో చెప్పేది), డీకిమ్ (మెయిల్‌పై డిజిటల్ సంతకాన్ని సరిచూసేది) రికార్డులు కూడా ఉండాలి. సంతకం చేసే పని సాధారణంగా మీ మెయిల్ సర్వీసు చూసుకుంటుంది, స్ప్రింగ్ మెయిల్ సెండర్ తనంతట తాను చేయదు.