సింగ్‌నగర్ గురించి రాయి

అమ్మాయ్,

రోటరీ పీస్ ఫెలోషిప్ దరఖాస్తు కోసం నువ్వు రాసి పంపిన ఎస్సే రెండుసార్లు చదివాను. మొదటి పేరాలోనే ‘ప్రపంచ శాంతి’ నాలుగుసార్లు వచ్చింది. సింగ్‌నగర్ మాత్రం ఎక్కడా లేదు.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు కదా. పాల ప్యాకెట్లన్నీ రోడ్డు పక్కవాళ్లే తీసేసుకుంటున్నారని లోపలి సందువాళ్లు గొడవకు దిగితే, రెండు వైపుల నుంచీ ఒక్కో మనిషిని పడవ ఎక్కించి, వాళ్ల చేతే పంచించానని ఫోన్‌లో చెప్పావు. మూడో రోజు అదీ చెడిందన్నావు. ఆ రెండూ రాయి, చెడింది కూడా. తగువు ఎలా మొదలైంది, ఎవరు ఎవరి మాట విన్నారు, నీకేం చేతకాలేదు, అందుకే ఏం చదవాలనుకుంటున్నావు. ఎస్సే అంటే అంతే.

శాంతి అధ్యయనాలు చదివేవాళ్లకు ఇచ్చే ఈ రోటరీ పీస్ ఫెలోషిప్‌లో ఫీజు, బస, ప్రయాణ ఖర్చులు వాళ్లే భరిస్తారు. మాస్టర్స్‌కి మూడేళ్ల పూర్తికాలం ఉద్యోగానుభవం ఉండాలి. నీకు ఇంకా కొన్ని నెలలు తక్కువ. కాలేజీ రోజుల్లో శనివారాలు చేసిన సేవని అందులో కలపకు. దరఖాస్తులు మామూలుగా ఫిబ్రవరిలో మొదలై మే 15తో ముగుస్తాయి. అన్నట్టు, మీ నాన్నని రోటరీ క్లబ్‌లో చేరమని బ్రోడీపేట స్నేహితులు వెంటపడుతున్నారట. ఇప్పుడే వద్దని చెప్పు. సభ్యుల పిల్లలకు ఈ ఫెలోషిప్ ఇవ్వరు!

యూనివర్సిటీని ఊరి అందం చూసి ఎంచుకోకు. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో శాంతి అధ్యయనాల విభాగం 1973 నుంచి ఉంది. స్వీడన్‌లోని ఉప్సలలో ప్రపంచంలో జరిగే యుద్ధాల లెక్కలు ఏటేటా కడతారు. నీకు అంకెలంటే భయం లేదు కాబట్టి నేనైతే ఉప్సల వైపే మొగ్గుతాను. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కీ పెట్టు. దానికి రెండేళ్ల అనుభవం చాలు, బ్రిటన్‌లో ఏడాది చదువు, తర్వాత రెండేళ్లు మన దేశంలో ఉండాలి. ఆ షరతు మీ అమ్మకి బాగా నచ్చుతుంది.

సిఫార్సు ఉత్తరానికి ఎమ్మెల్యే గారి లెటర్‌హెడ్ వద్దు. ఆయనకి నీ పేరు కూడా సరిగ్గా తెలియదు. పడవలో నీతో తిరిగిన మీ సూపర్‌వైజర్‌ని అడుగు.

ట్రాన్స్‌క్రిప్టులకి, అంటే యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రాలకి, ఈ వారమే అప్లై చెయ్యి. నా రోజుల్లో ఆ కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగాను. చేతికి వచ్చేసరికి గడువు దాటి తొమ్మిది రోజులైంది. సీలు విప్పని ఆ కవరు ఇంకా నా బీరువాలోనే ఉంది.

మీ పెద్దనాన్న,
గుంటూరు